బరువు మోసిన భుజాల చరిత్ర

మన చరిత్ర రాసేటప్పుడు పితూరీల తేదీలు రాస్తాం, నాయకుల పేర్లు రాస్తాం. ఆ పోరాటాలకు ముందు మన పెద్దల శరీరాలు ఏమేమి మోశాయో, ఆ నొప్పులను వాళ్లు ఎలా తీర్చుకున్నారో మాత్రం తక్కువగా రాశాం. అది కూడా చరిత్రే.

కొండల్లో బండి నడిచే దారులు లేని కాలంలో ప్రతి బరువూ మనిషి మీదే కదిలింది. మగవాళ్లు కావడి మోసేవారు. ఆడవాళ్లు నీళ్లు, కట్టెలు, సంతకు తీసుకుపోయే గింజలు తలమీద మోసేవారు. అది మన ఇంటి పని. అలసినప్పుడు దించి, చెట్టు కింద కూర్చునే హక్కు మనదే. దొరలు, అధికారులు కొండెక్కాక పరిస్థితి మారింది. వాళ్ల గుడారాలు, పెట్టెలు, వంటసామాను మోసే పని మన మీద పడింది. దించమన్నప్పుడే దించాలి. కూలి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. దాన్నే వెట్టి అన్నారు.

1879లో రంపలో పితూరీ లేచింది. కల్లు మీద పన్ను, మునసబుదారు వసూళ్లు భరించలేకే జనం తిరగబడ్డారు. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెరిగాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లతో బలవంతంగా పని చేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీదికి వెళ్లిన మనవాళ్ల కోపం వెనుక ఆ రోడ్డు పని కూడా ఉంది. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మనకు గుర్తున్నాయి. రాళ్లు మోసి నడుములు వంగిన వాళ్ల పేర్లు ఏ కాగితం మీదా లేవు. నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు గోండు గూడేల్లోనూ వెట్టి ఉండేది.

ఆ నొప్పికి మందు ఇంట్లోనే ఉండేది. ఇప్పపూలు ఏరడం అయ్యాక వానల ముందు ఇప్పకాయలు రాలతాయి. గింజలను ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, చెక్కల మధ్య నొక్కి నూనె తీసేవారు. కూరకు అదే, దీపానికి అదే, ఒంటికి అదే. చలికి గడ్డకట్టే నూనె కాబట్టి నిప్పు దగ్గర పెట్టి గోరువెచ్చగా చేసి రాసేవారు. బాలింతకూ, పసిబిడ్డకూ, పొలం నుంచి వచ్చినవాళ్లకూ పెద్దవాళ్లే ఒళ్లు పట్టేవారు.

ఇందులో ఉన్న తెలివిని మనం గుర్తించాలి. కావడి మోసే మనిషి భుజాన్ని పైకెత్తి బిగబడతాడు. కావడి దించాక కూడా ఆ బిగువు పోదు. కొంతకాలానికి అది తన ఒంటి తీరే అనుకుంటాడు, బిగించి ఉన్నానన్న సంగతే మరచిపోతాడు. బిగిసిన కండలో రక్తం సరిగా ఆడదు, అందుకే సలుపు. పట్టే చేయి ఆ గట్టిపడిన చోట ఆగుతుంది. అప్పుడే అతనికి తెలుస్తుంది, ఇక్కడ పట్టేసి ఉందని. వెచ్చదనానికి, నెమ్మదైన ఒత్తిడికి కండ వదులవుతుంది, ఊపిరి నిదానిస్తుంది. ముందు ఒంటిని తెలుసుకోవడం, తరువాత వదులు చేసుకోవడం: మన పెద్దలు ఈ రెంటినీ ఒకే పనిగా చేశారు.

వెట్టిని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించింది. కానీ బరువు పోలేదు. రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను, రోగులను ఈనాటికీ డోలీలో మోస్తున్నాం. మిర్చి కోతలకు, కట్టుబడి పనులకు పోయిన పిల్లలు నొప్పి బిళ్ల మింగి మళ్లీ పనికి లేస్తున్నారు. బిళ్ల నొప్పిని కాసేపు కప్పుతుంది, ఒళ్లు ఏం చెబుతోందో వినడం నేర్పదు. ఇప్పగింజలను మాత్రం సంతలో అమ్మేసి ప్యాకెట్ నూనె కొంటున్నాం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చింది. ఇప్పచెట్టు నిలిస్తేనే ఆ హక్కుకు అర్థం.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. రంప పితూరీ పాఠం చెప్పే రోజున పిల్లలను ఇంటికి పంపి, తాతమ్మలను అడిగి రమ్మనండి: ఏం మోశారు, ఎంత దూరం, ఎక్కడ నొప్పి, ఎవరు ఒళ్లు పట్టారు, ఏ నూనెతో? వాళ్ల మాటల్లోనే, వాళ్ల భాషలోనే రాయించండి. యువతకు ఒక హెచ్చరిక కూడా. ఎముక విరిగిన చోట, వాచి వేడెక్కిన కాలి మీద, జ్వరంలో మర్దన చేయకూడదు. అప్పుడు ఆసుపత్రికే పోవాలి. ఆ ఆసుపత్రికి డోలీ కాకుండా బండి వచ్చే దారి కోసం అడగాలి. ఒళ్లు పట్టే చేతులను కాపాడుకుందాం, ఒంటి మీద అన్యాయంగా పడే బరువును దించమని కూడా అడుగుదాం.