గొర్రె ఎవరిది?

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాలకి రినైజాన్స్ ఫెయిర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. టికెట్ కొని లోపలికెళ్తే నాలుగొందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు పల్లెటూరు. కమ్మరి కొలిమి, కత్తియుద్ధాలు, కాల్చిన టర్కీ కాళ్ళు, ఊరేగింపులో మొదటి ఎలిజబెత్ రాణి (ఆవిడ ఏలింది 1558-1603). సోమవారం పొద్దున కోడ్ రాసుకునే మనిషే ఆ ఒక్కరోజుకి జమీందారు!

ఇదేదో ఇంగ్లండు నుంచి వచ్చిన పాత సంబరం అనుకుంటారు చాలామంది. కాదు. 1963 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరు, ఆవిడ భర్త రాన్ కలిసి మొదలుపెట్టారు. శ్రోతల చందాలతో నడిచే కె.పి.ఎఫ్.కె. రేడియోకి డబ్బులు పోగుచెయ్యడానికి. అంతకుముందు ఆవిడ తన పెరట్లో పిల్లలచేత పాతకాలపు ఇటలీ వీధినాటకాలు వేయించేది. అంటే, అది కాలిఫోర్నియాలో కూర్చుని ఊహించి కట్టిన ఊరు. ఆ ఊళ్ళో ఆకలి ఉండదు, ప్లేగూ ఉండదు. అసలు లండన్‌లో మాత్రం ఒక్క 1563లోనే ప్లేగుతో వేలమంది పోయారు.

సరదాకి ఇన్ని లెక్కలెందుకండీ అంటారా? సరే, అలాంటిది మన దగ్గర పెడదాం. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి గుళ్ళున్నాయి, సెట్టింగు ఖర్చు లేదు. కోదాడ నుంచీ, మిర్యాలగూడ నుంచీ బస్సుల్లో జనం వచ్చేస్తారు. అంత పాతది వద్దు, నిజాం కాలం చాలంటే గడీ, దొర, పల్లకీ... ఇంకా బాగుంటుంది. దొర వేషానికి క్యూ కడతారు. మరి పల్లకీ మోసేదెవరు?

ఈ సూర్యాపేట తాలూకాలోనే జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే దేశ్‌ముఖ్‌కి 1,50,000 ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్యగారు రాశారు. చాకలి, మంగలి, కుమ్మరి అందరూ దొరలకి వెట్టి చెయ్యాల్సిందే. గొల్లలైతే అడిగినప్పుడల్లా మందలోంచి గొర్రెని ఇచ్చుకోవాలి. 1946-51 సాయుధ పోరాటంలో సూర్యాపేట, మిర్యాలగూడ పల్లెలు తిరగబడ్డాయంటే ఊరికే కాదు.

ఆ గొల్లలదే పెద్దగట్టు జాతర. దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతులస్వామికీ చౌడమ్మకీ రెండేళ్ళకోసారి, మాఘమాసంలో, ఐదు రోజులు. 2025 ఫిబ్రవరిలో జరిగినప్పుడు కూడా విజయవాడ హైవే మీద బళ్ళని దారి మళ్ళించారు. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది, భేరీలు మోగుతాయి, "ఓ లింగా" అంటూ జనం గుట్ట ఎక్కుతారు. వేషాలేం లేవు, ఎవరి బట్టల్లో వాళ్ళే. ఒకప్పుడు దొర మనిషి వచ్చి పట్టుకుపోయిన గొర్రె, ఇక్కడ వాళ్ళంతట వాళ్ళు దేవుడికి మొక్కుకున్న గొర్రె.

ఊహాలోకం తప్పని నేననను. పిల్లలకి చరిత్ర మీద ఇష్టం పుట్టాలంటే నాటకాన్ని మించింది లేదు. కానీ రేపు మనవాళ్ళెవరైనా ఒక గడీకి రంగులేసి, రిసార్టు చేసి, "దొరల కాలానికి స్వాగతం" అని బోర్డు పెడితే మాత్రం టికెట్ కొనేముందు ఒకటే అడుగుతా. భోజనంలో వడ్డిస్తున్న ఆ గొర్రె ఎవరిది?