ఆర్‌డీ 350 మోజులో ఉన్నారా? బండి కంటే ముందు ఆర్‌సీ చూడండి.. బందరు ఉప్పుగాలితో జాగ్రత్త!

వీధి చివర సౌండ్ వినపడితే చాలు, ఏ బండో చూడకుండానే చెప్పేస్తారు. అదే రాజ్‌దూత్ ఆర్‌డీ 350. డిజైన్ జపాన్ కంపెనీ యమహాది. మన దేశంలో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో తయారీ మొదలుపెట్టింది. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్, ఆరు గేర్లు. బుల్లెట్లు, యెజ్డీలు తిరిగే రోజుల్లో ఇది రాకెట్ కిందే లెక్క. అయితే పెట్రోల్ బాగా తాగేది, స్పేర్ పార్టులు ఖరీదు, పని తెలిసిన మెకానిక్‌లు తక్కువ. అందుకే పట్టుమని పదేళ్లు కూడా నిలవలేదు. ఇప్పుడేమో మంచి కండిషన్‌లో ఉన్న బండి లక్షల్లో పలుకుతోంది. ధోనీ గ్యారేజీలోనూ ఒకటుంది మరి.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వైపు ఈ బండి కొనాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఇంజిన్ కాదు, కాగితాలు. బైక్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన బైకులకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేసింది. ఏళ్ల తరబడి రెన్యువల్ లేకుండా పశువుల పాకలో పడున్న బండికి గ్రీన్ ట్యాక్స్, పెనాల్టీలు కూడా తోడవుతాయి. ఆ లెక్క రేటు మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి.

పాత ఆర్‌సీలు పుస్తకం రూపంలో ఉంటాయి. ఆ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కనిపించకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి, ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మీరే చూసి ఆర్‌సీతో సరిపోల్చుకోండి. నంబరు మీద గీకిన గుర్తులున్నాయా, ఇక ఆ బేరం వదిలేయడమే మంచిది. ఓనర్ చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకు మారాకే కొనండి. కొన్న 30 రోజుల్లోగా ట్రాన్స్‌ఫర్‌కు అప్లై చేయాలి.

‘ఇది వింటేజ్ బండి సార్’ అంటారు కొందరు. నమ్మకండి. 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి. 1983లో రిజిస్టరైన బండి కూడా 2033 దాకా ఆగాల్సిందే. పైగా వింటేజ్ నంబరు వచ్చాక రోజూ రోడ్డెక్కడానికి కుదరదు.

ఇక తుప్పు. సముద్రం పక్కన పెరిగిన బండికి పైన రంగు మెరుస్తున్నా లోపల ఏముందో చెప్పలేం. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. ట్యాంకు మీద ఎక్కడ అతుక్కోలేదో అక్కడ పుట్టీ ఉన్నట్టే. మూత తీసి టార్చ్ వేసి లోపల కూడా చూడండి. సైలెన్సర్ల అడుగు, రిమ్ములు, బ్యాటరీ కింద ఫ్రేమ్ కూడా వదలొద్దు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కిక్ కొట్టి చూడాలి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే క్రాంక్ సీల్ పోయి గేరాయిల్ పీలుస్తూ ఉండొచ్చు. మొదట్లో వచ్చిన హెచ్‌టీ మోడల్ పవర్ 30.5 బీహెచ్‌పీ, మైలేజీ కోసం తగ్గించిన ఎల్‌టీది 27. హెచ్‌టీకి రేటెక్కువ. మన డెల్టా రోడ్లకు ఎల్‌టీ సరిపోతుంది, మూడు బీహెచ్‌పీ కోసం అంత పెట్టక్కర్లేదు.

పెట్రోల్ సంగతి చాలామంది పట్టించుకోరు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను దెబ్బతీస్తుంది. కార్బొరేటర్ సెట్టింగ్ మార్చకపోతే పెట్రోల్ పాళ్లు తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్‌లో అది పిస్టన్ సీజ్ అయ్యేదాకా వెళ్లొచ్చు. స్పీడ్‌లో సీజ్ అయితే వెనక చక్రం లాక్ అవుతుంది. ప్రాణం మీదకొచ్చేది అక్కడే. ఇంజిన్ బిగిసినట్టు అనిపించిన క్షణంలో క్లచ్ పట్టేయాలి. ఆయిల్ పంపు సెట్టింగ్ కూడా తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి. చుట్టుపక్కల దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో వాకబు చేయండి.

నడపడం ఇంకో ఎత్తు. యమహా విదేశాల్లో ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ ఇస్తే, మన బండికి వచ్చింది డ్రమ్మే. తడిస్తే పట్టు తగ్గుతుంది. నీళ్లలోంచి వచ్చాక బ్రేక్‌ను కాసేపు మెల్లగా నొక్కుతూ ఆరనివ్వాలి. టూ స్ట్రోక్ కాబట్టి యాక్సిలరేటర్ వదిలినా బండి అంతగా ఆగదు. పైగా పవర్ మెల్లగా రాదు, ఇంజిన్ స్పీడందుకున్నాక ఒక్కసారిగా తన్నుకొస్తుంది. బందరు నుంచి పామర్రు మీదుగా విజయవాడ వెళ్లే నాలుగు లైన్ల హైవే మీద అది సరదాగానే ఉంటుంది. అదే ఊపు పామర్రు - గుడివాడ రోడ్డులో పనికిరాదు. చేపల లారీల నుంచి కారే నీళ్లకు రోడ్డు జారుతుంది. చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ వైపు వెళ్తే కోతల సీజన్‌లో సగం రోడ్డు మీద వడ్లే ఆరబోసి ఉంటాయి. మలుపు తిరగ్గానే కనిపిస్తే డ్రమ్ బ్రేక్ చేసేదేం లేదు.

హంసలదీవి బీచ్‌కో, మంగినపూడికో వెళ్లొచ్చారా? ఇంజిన్ చల్లారాక అదే రోజు మంచినీళ్లతో కడిగి చైన్‌కు ఆయిల్ పెట్టండి. ఇసుకలోకి మాత్రం దించకండి.