ఆల్బర్టా తీర్పు

కెనడాదేశమున చమురుబావులకు పేరొందిన ఆల్బర్టా రాష్ట్రమును కన్సర్వేటివులు 1971 మొదలు 44 ఏండ్లు ఏలిరి. 2015 మే 5న, అంతవరకు నాలుగే స్థానములుండిన న్యూ డెమొక్రాట్లు 87 స్థానములలో 54 గెలిచిరి. ఈ వామపక్షమునకు నాయకురాలు రేచల్ నాట్లీ. ఆమె తండ్రి గ్రాంట్ నాట్లీ ఒకప్పుడు అదే శాసనసభలో ఏండ్ల తరబడి ఆ పక్షమునకు ఏకైక సభ్యుడు. గడువునకు ఏడాది ముందే ఎన్నిక కోరిన ముఖ్యమంత్రి ప్రెంటిస్ ఆ రాత్రియే నాయకత్వమును వీడెను.

రాష్ట్రమంతయు వామపక్షమున చేరెనని మనము తలపవచ్చునా? లెక్క వేరు. నూటికి 41 ఓట్లు నాట్లీ పక్షమునకు పడెను; మితవాదుల ఓట్లు రెండు పాయలై, కన్సర్వేటివులకు 28, వైల్డ్‌రోజ్ పక్షమునకు 24 వచ్చెను. చిత్రమేమన, 24 తెచ్చుకొన్నవారికి 21 స్థానములు దక్కగా, 28 తెచ్చుకొన్నవారికి పదికి మించలేదు! వైల్డ్‌రోజ్ ఓటు పల్లెలలో గుమిగూడెను. కన్సర్వేటివుల ఓటు రాష్ట్రమంతట చెదరెను. 2017లో ఆ రెండు పాయలు ఏకమయ్యెను; 2019లో నాట్లీ అధికారము కోల్పోయెను.