రాగి కాగు నుంచి హీటర్ రాడ్ దాకా

మన బెజవాడ చలికి పైపుల్లో నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడ చలికాలం అంటే పొద్దున్నే వేడినీళ్లు, అంతే. మరి కరెంటు లేని రోజుల్లో? డెల్టాలో అడవి లేదుగా, కట్టెలెక్కడివి? పొలమే ఇచ్చింది. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి విస్తరించింది. మిల్లు ఊక, గట్ల మీది తాటిమట్టలు, గొడ్ల పేడతో పిడకలు... చలి ముదరకముందే అన్నీ పెరట్లో చేరేవి. ధనుర్మాసం వస్తోందంటే మా అమ్మమ్మ రాగి కాగుని చింతపండుతో తళతళా తోమేది.

1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ మొదలైంది. ఊళ్లలో కరెంటు వాడకం పెరిగేకొద్దీ కాగు అటకెక్కింది, బకెట్లోకి రాడ్ దిగింది. ఇంటర్‌లో ఉండగా నేను స్విచ్ ఆపకుండా నీళ్లలో వేలు పెట్టా. భుజం దాకా జివ్వుమంది! కాగుతో మహా అయితే పొగ, కళ్లమంట. రాడ్ అలా కాదు బాబూ, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి.