ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు

కంప్యూటర్ అనే మాట యంత్రానికి పేరు కాకముందు ఒక ఉద్యోగానికి పేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మూర్ స్కూల్‌లో ఫిరంగి గుండు ఎంత దూరాన పడుతుందో లెక్కగట్టి పట్టికలు తయారుచేసే ఆడవాళ్లను కంప్యూటర్లనే పిలిచేవారు. ఆ లెక్కలు యంత్రానికి అప్పగించాలని ఎనియాక్‌ను కట్టినప్పుడు, దాన్ని నడపడానికి 1945లో వారిలోంచే ఆరుగురిని ఎంపిక చేశారు: కే మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. చదువుకోవడానికి పుస్తకం లేదు, పాఠం చెప్పే గురువు లేడు. భద్రతా అనుమతులు రాలేదని మొదట్లో యంత్రాన్ని చూడనివ్వను కూడా లేదు. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులున్న ఆ యంత్రం వైరింగ్ పటాలు ముందేసుకుని, ఏ భాగం ఏ పని చేస్తుందో వాళ్లంతట వాళ్లే తేల్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను లోకానికి చూపించిన రోజు ఫిరంగి గుండు లెక్క నడిపింది వాళ్ల ప్రోగ్రామే. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లకు పిలుపు రాలేదు.

అది గుమాస్తా పని, దాన్ని ప్రోగ్రామింగ్ అనడం అతిశయోక్తి అనేవాళ్లున్నారు. అప్పటి పైఅధికారులూ అలాగే అనుకున్నారు. ఆ పని ఆడవాళ్లకు దక్కిందీ అందుకే. కానీ ఒక అవకలన సమీకరణాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, స్విచ్‌లతో కేబుళ్లతో యంత్రానికి చెప్పడం, తప్పు వస్తే అది ఏ ట్యూబు దగ్గర పుట్టిందో పట్టుకోవడం గుమాస్తాగిరీ అయితే, నేటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో సగం గుమాస్తాగిరీయే. పని విలువ పైవాళ్లకు అర్థమయ్యాక దాన్ని ఎవరు చేయాలన్న ఊహ కూడా మారింది. 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1,378 మంది ప్రోగ్రామర్లను పరిశీలించారు. అందులో స్త్రీలు 186 మందే. మనుషులతో పెద్దగా పొసగనివాడు మంచి ప్రోగ్రామర్ అవుతాడన్న బొమ్మ అక్కడినుంచి బలపడింది. ఉద్యోగాలిచ్చేవాళ్లు ఆ బొమ్మకు సరిపోయేవాళ్లనే వెతికారు.

అయినా అమ్మాయిలు వస్తూనే ఉన్నారు. 1984 నాటికి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పొందినవారిలో 37 శాతం స్త్రీలే. ఆ తర్వాత ఆ వాటా జారుతూ వచ్చి 2010 ప్రాంతానికి 18 శాతానికి దిగింది. ఇది అమ్మాయిల ఇష్టాయిష్టాల సంగతి, ఎవరూ తలుపు మూయలేదు కదా అన్నది తరచూ వినిపించే వాదన. అదే కాలంలో వైద్యంలోనూ న్యాయశాస్త్రంలోనూ అమ్మాయిల సంఖ్య పెరిగింది. ఒక్క ఈ చదువు మీదే అభిరుచి పాతికేళ్లలో సగానికి పడిపోయిందంటే, అభిరుచి ఎక్కడ తయారవుతుందో చూడాలి. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 1995 నుంచి నాలుగేళ్లపాటు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడి ఆ పని చేశారు. ఇంటికి కంప్యూటర్ వచ్చినప్పుడు అది ఎక్కువగా కొడుకు గదిలోకి చేరేది. కాలేజీకి వచ్చేసరికి ఆ అబ్బాయికి ఏళ్ల అలవాటు. పాఠం ఆ అలవాటు అందరికీ ఉన్నట్టే మొదలయ్యేది. పక్కవాడు ముందే చదువుకొచ్చినదాన్ని అమ్మాయి తెలివి అనుకునేది, తనకు పరిచయం లేకపోవడాన్ని తన చేతగానితనమనుకునేది. ఓనమాలు దిద్దకుండా పద్యం చదవమన్నట్టు.

ఆ తర్వాత అక్కడ చేసిన మార్పులు పెద్ద విప్లవాలేమీ కావు. ప్రవేశాలలో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి పెద్దపీట వేయడం మానేశారు. మొదటి ఏడాది ఎవరి స్థాయికి తగ్గ కోర్సులో వాళ్లు మొదలుపెట్టేలా దారులు వేశారు. 1995లో కొత్తగా చేరినవారిలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. ప్రమాణం దించి తెచ్చిన అంకె ఇది అనడానికి వీల్లేదు. మారింది బయల్దేరే చోటు. చేరుకోవలసిన ఊరు అదే. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీలోనూ 2006 నుంచి అనుభవం ఉన్నవాళ్లను, లేనివాళ్లను వేరే సెక్షన్లలో కూర్చోబెట్టి, జావా బదులు పైథాన్‌తో మొదలుపెట్టారు. సుమారు 10 శాతం ఉన్న అమ్మాయిల వాటా అయిదేళ్లలో 40కి చేరింది.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. ఇంటర్ ఎంపీసీలో ప్రోగ్రామింగ్ లేదు. ఎంసెట్ రాసి వచ్చినవాళ్లలో చాలామంది, అబ్బాయైనా అమ్మాయైనా, సీ భాషలో తొలి ప్రోగ్రామ్ బీటెక్ మొదటి సంవత్సరం ల్యాబ్‌లోనే రాశారు. సీట్లలో మూడో వంతు అమ్మాయిలకు ఉండటం ఒక దన్ను. అందరూ ఒకే గీత దగ్గర నిలబడటం అంతకంటే పెద్ద దన్నని నా అభిప్రాయం. ఇప్పుడు ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు స్కూల్లోనే కోడింగ్ నేర్చుకుని వస్తున్నారు. ఆ గీత చెరుగుతోంది. మొదటి సంవత్సరం పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక మనవి. ఎవరికి ఎంత వచ్చో చేతులెత్తమని అడగకండి, కాగితం మీద రాయించుకోండి. వచ్చినవాళ్లను వేరే బ్యాచ్‌లో కూర్చోబెట్టి, మిగతావాళ్లకు మొదటి లైను నుంచి చెప్పండి.