పచ్చబొట్టు ఎక్కడికి పోతుంది?

 బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే నాటి నుంచి తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళలో పెద్దావిడ ముంజేతి మీది చుక్కల్ని మనం పచ్చబొట్టంటాం, బెంగాలీలు ఉల్కి అంటారు. చచ్చాక వెంట వచ్చేది అదొక్కటేనని మన పల్లెల్లో నమ్మకం.

పొడిచేటప్పుడు అది నలుపే. దీపం మసిని ఆకు పసరుతో కలిపి సూదితో గుచ్చేవారు. మసి చర్మం లోపొరలో దిగాక, పైపొరలో వెలుతురు చెదిరి ఆ నలుపే మనకు నీలంగా, పచ్చగా కనబడుతుంది.

సూది దిగగానే ఒళ్ళు ఊరుకోదు. మాక్రోఫేజ్ అనే కాపలా కణాలు వచ్చి మసిని మింగుతాయి. కానీ అరిగించుకోలేవు, అక్కడే ఉండిపోతాయి. ఒక కణం చనిపోతే బయటపడ్డ రంగును కొత్త కణం మళ్ళీ మింగుతుందని 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. పచ్చబొట్టు ఏళ్ళ తరబడి నిలవడానికి ఇదొక కారణం.

చెరపాలన్న కోరికా పాతదే. టర్పెంటైన్ జిగురు పట్టించి, ఉప్పుతో రుద్దమని ఆరో శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఏటియస్ రాశాడు. చర్మం ఊడేది, మచ్చ మిగిలేది. 1960లో థియోడర్ మైమన్ రూబీ లేజర్ వెలిగించాడు. కొద్ది ఏళ్ళకే అమెరికా చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ దాన్ని టాటూల మీద ప్రయోగించాడు. చుట్టుపక్కల చర్మం కాలకుండా రంగునే కొట్టాలంటే ఏ వెలుగు, ఎంతసేపు పడాలో 1983లో ఆండర్సన్, పారిష్ వివరించారు. అందుకే ఇప్పుడు సెకనులో వందకోట్ల వంతుల్లో ముగిసే మెరుపులు వాడుతున్నారు. మన చామనఛాయకు 1064 నానోమీటర్ల కిరణం మేలు, చర్మపు సొంత రంగు దాన్ని తక్కువగా పీల్చుకుంటుంది. నల్ల మసి బాగా పీల్చుకుంటుంది.

మెరుపు తగిలిన చోట చర్మం సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. అవి ఆవిరి బుడగలు, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతాయి. లేజర్ చేసేది రేణువుల్ని పొడి చేయడమే, ఊడ్చిపోసేది ఒళ్ళే. అరిగించుకోలేక కూర్చున్న కణాలకు ఇప్పుడు చిన్న ముక్కలు దొరుకుతాయి. అవి కొంత మోస్తాయి, కొంత శోషరసంలో కొట్టుకుపోతుంది. అందుకే విడతకూ విడతకూ మధ్య ఆరేడు వారాలు ఆగమంటారు డాక్టర్లు. ఆ విరామం వృథా కాదు, అసలు పని జరిగేది అప్పుడే.

ఆ రంగులో కొంత చంకల్లాంటి చోట్ల ఉండే శోషరస గ్రంథుల్లో చేరి నిలిచిపోతుంది. చేతి మీద చెరిగిన బొట్టు లోపల కొంత మిగులుతుంది. వెంట వస్తుందన్న పల్లె నమ్మకంలో ఆ మేరకు నిజముంది.