జమ: ఎవరి పుస్తకంలో?

జమ అరబ్బీ మాట. పోగుచేయడం దాని అసలు అర్థం. జమాత్, జమాబందీ ఆ కుదురువే. నిజాంల కాలంలో ముందు పారశీకం, తర్వాత ఉర్దూ కచేరీ భాషలు కనుక తెలంగాణలోని తొర్రూరు లాంటి ఊళ్ల పద్దుల్లోకి అలా వచ్చిందనుకోవచ్చు. కోస్తాలోనూ ఉందిగా అంటారేమో. అక్కడా ఒకప్పుడు నడిచింది గోల్కొండ, ఆసఫ్‌జాహీల రెవెన్యూయే. మాట ఎటు నుంచి వచ్చినా చిక్కంతా ఇప్పుడు, బ్యాంకు స్టేట్‌మెంటును ఎక్సెల్ నుంచి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోకి ఎక్కించేటప్పుడు. తొర్రూరులో ఒక ఎరువుల దుకాణం ఖాతాలో 25,000 రూపాయలు జమైతే బ్యాంకు దాన్ని క్రెడిట్ అంటుంది, అది బ్యాంకు తీర్చాల్సిన బాకీ కనుక. దుకాణం పుస్తకంలో మాత్రం బ్యాంకు ఖాతాకు అది డెబిట్. కాలమ్ పేరు చూసి క్రెడిట్‌ను క్రెడిట్‌కే కలిపితే వసూలు కాస్తా చెల్లింపైపోతుంది. సాఫ్ట్‌వేరే తిప్పుకుంటుంది కదా? అన్నీ తిప్పుకోవు. ముందు ఒక్క వరుస ఎక్కించి, నిల్వ పెరిగిందో తగ్గిందో చూశాకే మిగతావి ఎక్కించండి.